ముందుకంటే ఎటు?

పోయిన వారం మా ఆఫీసులో చిన్న రభస జరిగింది. మంగళవారం సాయంత్రం కాఫీ మెషిన్ దగ్గర మా లీడు ఎదురుపడి, "వచ్చే బుధవారం డెమో ఉంది కదా, క్లయింటు వాళ్ళు దాన్ని రెండ్రోజులు ముందుకి జరిపారు, అందరికీ చెప్పు" అని వెళ్ళిపోయాడు. నేను అందరికీ చెప్పాను. ఆయన చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా. మా టీంలో తొమ్మిదిమందిమి, ఒక్కడు తప్ప అందరం తెలుగువాళ్ళమే. శుక్రవారం మధ్యాహ్నానికి తేలిందేంటంటే, అయిదుగురు డెమో సోమవారమనుకుని శని, ఆదివారాలు కూడా పని పెట్టుకున్నారు. మిగతావాళ్ళు 'హమ్మయ్య, శుక్రవారం దాకా టైముంది' అనుకుని ఒకడు శ్రీశైలానికి, ఒకడు అత్తారింటికి టిక్కెట్లు బుక్ చేసేసుకున్నారు. తెలుగు రాని ఆ ఒక్క బెంగాలీ కుర్రాడు మాత్రం చెప్పిన రోజే నా సీటు దగ్గరికొచ్చి "ప్రీపోనా, పోస్ట్‌పోనా?" అని అడిగి వెళ్ళాడు. అడిగింది వాడొక్కడే.

అందరూ పడీపడీ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సరిగ్గా ఇదే మాట అని మా నాన్న పత్తి తడిపినవాణ్ణి నేను.

మాది పర్చూరు పక్కన ఒక పల్లెటూరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప, శనగ, ఒకప్పుడు పొగాకు కూడా బాగా వేసేవాళ్ళు. (జిల్లా ఏదంటే మాత్రం కాస్త కథ చెప్పాలి. నాన్న పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా పెట్టాక అందులోకెళ్ళాం, తర్వాత దాని పేరు ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లాలే జరుగుతున్నాయి. ముందుకా వెనక్కా అని అడక్కండి.)

నాన్నకి వినికిడి బాగా తగ్గింది. మనిషి ఎదురుగా ఉంటే పెదాల కదలిక చూసి పట్టేస్తాడు గానీ ఫోన్లో కష్టం. అందుకని ఊళ్ళో ఫోన్ వ్యవహారాలన్నీ హైదరాబాదులో కూర్చుని నేనే చూస్తుంటాను. ఎరువుల కొట్టు, ట్రాక్టరు, కూలీల ముఠా, అన్నీ. నలుగురిని ఒక రోజుకి ఒకచోటికి చేర్చడం ఎంత కష్టమో నాకు తెలిసింది ఆఫీసులో కాదు, ఈ ఫోన్లలోనే.

2023 నవంబరు ఆఖరు. రెండున్నర ఎకరాల్లో రెండో తీతకి పత్తి విచ్చుకుని చేనంతా తెల్లగా ఉంది. ముఠా మేస్త్రి మాకు అమ్మ తరఫు దూరపు చుట్టం, నేను పిన్నీ అంటాను. డిసెంబరు 4, సోమవారం మనుషుల్ని తీసుకొస్తానని మాటిచ్చింది. ఈలోపు బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తలు మొదలయ్యాయి. నవంబరు 30, గురువారం. తెలంగాణలో పోలింగు, మాకు సెలవు. ఓటేసొచ్చి పొద్దంతా టీవీ ముందే ఉన్నాను. కింద స్క్రోలింగులో తుఫాను కోస్తా వైపు రావచ్చని వస్తూనే ఉంది. రాత్రి పిన్నికి ఫోన్ చేశాను.

"పిన్నీ, తుఫానంట. సోమవారం తీత రెండ్రోజులు ముందుకి జరుపుదాం."

"అట్టాగే అబ్బాయ్. నేనూ అదే అనుకుంటన్నా."

అంతే. అర నిమిషం కూడా మాట్లాడుకోలేదు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చినందుకు నాకు సంతోషం కూడా వేసింది. పల్లెటూళ్ళో మనుషులకి వాతావరణం మనకంటే ముందే తెలుస్తుంది కదా అని మా ఆవిడతో అన్నాను కూడా.

శనివారం పొద్దున్నే నాన్న గోతాలు తీసుకెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, ఒక్కరూ రాలేదు. పక్క చేనాయన ఫోన్ చేసి "ఏందబ్బాయ్, మీ నాన్న ఒక్కడే తీస్తన్నాడు" అన్నాడు. పిన్నికి చేశాను. వెనకాల ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి. ముఠా మొత్తం ఇంకెవరిదో చేలో ఉంది.

"అదేంది అబ్బాయ్, నువ్వే గదా రెండ్రోజులు ముందుకి జరపమంది? బుధవారం వస్తాంగా. తుఫాను పోయినాక."

అప్పుడర్థమైంది. 'తుఫానొస్తోంది కాబట్టి ముందుకి జరుపుదాం' అన్న వాక్యాన్ని నేను 'రాకముందే తీసేద్దాం' అనుకున్నాను. ఆవిడ 'పోయాక తీద్దాం' అనుకుంది. రెండూ తెలివైన మాటలే. అందుకే 'నేనూ అదే అనుకుంటన్నా' అంది. ఇద్దరం ఒకే మాట మీద ఒప్పుకున్నాం, నాలుగు రోజుల తేడాతో.

చేతిలో ఉన్న ముఠాని మధ్యలో వదిలి రమ్మనడానికి లేదు, వాళ్ళకీ మాటిచ్చి ఉంటుంది. మూడో తారీఖున తుఫానుకి మిచాంగ్ అని పేరు పెట్టారు. (రాయడం ఒకలా, పలకడం ఇంకోలా. మిగ్‌జాం అనాలట. పత్రికల్లో తలా ఒక రకంగా రాశారు.) అయిదో తారీఖు మంగళవారం బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల మాకు గంట ప్రయాణం. విచ్చిన పత్తి మీద అంత వాన పడితే ఏమవుతుందో రైతు కుటుంబాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. దూది నానిపోయి కాయకి అంటుకుని తాడులా వేలాడుతుంది, రంగు మారుతుంది, లోపల గింజ మొలకెత్తుతుంది కూడా. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 7,020 రూపాయలు. సీసీఐ వాళ్ళు పూర్తి ధర ఇవ్వాలంటే తేమ 8 శాతం లోపు ఉండాలి, 12 దాకా అయితే కోత పెట్టి కొంటారు, ఆ పైన అసలు కొనరు. మాది ఎండబెట్టి ఎండబెట్టి, చివరికి ఊళ్ళోకొచ్చిన ఒక వ్యాపారికి క్వింటా అయిదు వేల లోపే ఇచ్చేశాం.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మాత్రం భోజనాలయ్యాక, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"ముందుకంటే నువ్వేమనుకున్నావురా?"

"శనివారం నాన్నా."

"మరి ఆమె?"

"బుధవారం."

కాసేపు ఆలోచించి "నేనైనా బుధవారమే అనుకునేవాణ్ణి" అన్నాడు.

అప్పట్నుంచి ఈ 'ముందు' అన్న మాట నన్ను వదిలిపెట్టలేదు. మీరూ ఒక్కసారి గమనించండి. భోజనానికి ముందు, ముందు రోజు, ముందు నువ్వు తిను... ఇక్కడంతా ముందు అంటే ఇంతకు పూర్వం, అంటే క్యాలెండర్లో ఇటువైపు. అదే ముందు ముందు తెలుస్తుంది, ముందుచూపు, ముందున్న రోజులు... ఇక్కడ ముందు అంటే భవిష్యత్తు, అటువైపు. మన సామెతల్నే తీసుకోండి. 'ముందుంది ముసళ్ళ పండగ' అంటే ఇంకా రాలేదని. 'ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి' అంటే చెవులు ఎప్పుడో వచ్చేశాయని. ముసళ్ళ పండగ ముందున్న దిక్కు వేరు, చెవులు ముందొచ్చిన దిక్కు వేరు.

వెనక కూడా తక్కువది కాదు. 'వెనకటికి ఒకడు' అంటే ఎప్పుడో జరిగిపోయిన కథ. 'నువ్వు పద, నేను వెనక వస్తా' అంటే తర్వాత వస్తానని.

మూడేళ్ళ పిల్లకి కూడా ఈ రెండూ వచ్చు, ఎక్కడా తడబడదు. మరి ఇన్నేళ్ళు కోడింగు చేసిన నేను ఎందుకు బోర్లా పడ్డాను? నాకు తోచింది ఇది. 'దేనికి ముందు' అన్నది పక్కనే ఉంటే గొడవే లేదు. పెళ్ళికి ముందు, వానకి ముందు, సంక్రాంతికి ముందు... ఇవి ఎవరు విన్నా ఒకటే. ఆ 'కి' అన్న చిన్న విభక్తి గుంజలాగా పాతుకుని ఉంటుంది. 'ముందుకి జరుపు' అన్నప్పుడు గుంజ లేదు, ఊరికే ఒక దిక్కు ఉంది. ఎవరు ఎటు తిరిగి నిలబడ్డారో దాన్ని బట్టి ఆ దిక్కు మారిపోతుంది. ప్రోగ్రామర్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, రిలేటివ్ పాత్ ఇచ్చి కరెంట్ డైరెక్టరీ ఏదో చెప్పకపోవడం.

ఇదేదో తెలుగు దరిద్రం అనుకోకండి. ఇంగ్లీషులో దీనిమీద పెద్ద పరిశోధనే జరిగింది. లెరా బొరొడిట్‌స్కీ, మైఖేల్ రామ్‌స్కార్ అనే ఇద్దరు 2002లో ఒక పేపరు వేశారు. వాళ్ళ ప్రశ్న చాలా చిన్నది: 'వచ్చే బుధవారం మీటింగుని రెండ్రోజులు ఫార్వర్డ్ జరిపారు, ఇప్పుడది ఏ రోజు?' మామూలుగా అడిగితే దాదాపు సగం మంది సోమవారం అంటారు, సగం మంది శుక్రవారం అంటారు. ఇద్దరికీ తాము చెప్పిందే ఏకైక అర్థం అని గట్టి నమ్మకం. (మా టీం లెక్క దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.) వీళ్ళు ఇంకో అడుగు వేసి అదే ప్రశ్నని ఎయిర్‌పోర్టులో, రైల్లో, క్యాంటీన్ క్యూలో నిలబడ్డవాళ్ళని అడిగారు. అప్పుడే విమానం దిగి వస్తున్నవాళ్ళలో శుక్రవారం అన్నవాళ్ళు ఎక్కువ. ఎవరినో ఎక్కించుకు పోదామని వచ్చి కూర్చున్నవాళ్ళలో అంత మొగ్గు లేదు. అంటే తాను ప్రయాణంలో ఉన్నాననుకునే మనిషికి కాలం ఒక రోడ్డు, తను దానిమీద పోతున్నాడు, కాబట్టి ఫార్వర్డ్ అంటే ఇంకా అవతలికి. కూర్చున్న మనిషికి కాలమే తన వైపు నడిచొస్తోంది, కాబట్టి ఫార్వర్డ్ అంటే తన దగ్గరికి.

దక్షిణ అమెరికాలో అయ్‌మారా అనే భాష మాట్లాడేవాళ్ళు ఇంకా విచిత్రం. వాళ్ళకి గతం కళ్ళ ముందుంటుంది, భవిష్యత్తు వీపు వెనక. 2006లో నూన్యెస్, స్వీట్సర్ అనేవాళ్ళు దీనిమీద రాశారు. జరిగిపోయింది కనపడుతుంది, జరగబోయేది కనపడదు కదా అనేది అందులో తర్కం. నాకైతే మన 'వెనకటికి' కంటే అదే సబబుగా అనిపించింది.

ఇది చదివాక పిన్ని ఎందుకలా అనుకుందో అర్థమైంది. పత్తి తీసేవాళ్ళు సాలు పట్టుకుని నడుస్తారు. తీసేసింది వెనక, తియ్యాల్సింది ముందు. ముందుకి జరగడమంటే ఇంకా తియ్యని మొక్కల వైపు జరగడం. రోజంతా ఆవిడ చేసేది అదే. నేనేమో మానిటర్ మీద క్యాలెండర్ తెరిచి, సోమవారం గడిలో ఉన్న పనిని శనివారం గడిలోకి లాగుతున్న మనిషిని. నాకు వారాలు ఎక్సెల్ షీటు, ఆవిడకి చేను.

ఇక మన 'ప్రీపోన్' సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు ఇంగ్లీషు మెరుగుపెట్టే ట్రైనింగు ఒకటి ఇచ్చారు. వచ్చిన మేడమ్ మొదటి రోజే బోర్డు మీద ప్రీపోన్ అని రాసి అడ్డంగా కొట్టేసింది. 'అసలు అలాంటి పదమే లేదు, మీరు అలా అంటే క్లయింటు నవ్వుతాడు' అంది. మేమంతా తలవంచుకుని నోట్సు రాసుకున్నాం. ఆరోజు నుంచి బుద్ధిమంతుల్లా 'మూవ్ ఫార్వర్డ్', 'మూవ్ అప్', 'పుష్ బ్యాక్' అనడం నేర్చుకున్నాం. సోమవారమా శుక్రవారమా తెలియని ఇంగ్లీషు అన్నమాట! పుష్ బ్యాక్ అంటే పేరుకి వెనక్కి, కానీ తేదీ పోయేది అవతలికి. బ్రింగ్ ఫార్వర్డ్ అంటే పేరుకి ముందుకి, కానీ తేదీ వచ్చేది ఇవతలికి. ఈ సర్కస్ అంతా సరైన ఇంగ్లీషు, పోస్ట్‌పోన్‌కి జోడీగా ఉన్న శుభ్రమైన మాట మాత్రం తప్పు!

పైగా అది మనవాళ్ళ కనిపెట్టుడు కూడా కాదట. 1913లోనే ఒకాయన న్యూయార్క్ టైమ్స్‌కి ఉత్తరం రాసి, పోస్ట్‌పోన్‌కి జోడీగా ప్రీపోన్ అనే మాట ఉండాలని ప్రతిపాదించాడు. వాళ్ళు పట్టించుకోలేదు, మనం పట్టుకున్నాం. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ నిఘంటువుల్లో కూడా భారతీయ ఇంగ్లీషు అన్న గుర్తుతో ఉంది. నా మటుకు నేను మళ్ళీ వాడటం మొదలుపెట్టాను, క్లయింటు మెయిల్సులో కూడా. ఇంతవరకూ ఒక్కడూ నవ్వలేదు. ఒకావిడ అయితే 'ఈ పదం బావుంది, నేనూ వాడుకోవచ్చా' అని అడిగింది.

మరి తెలుగులో ప్రీపోన్‌కి ఏమంటారు? నేను చాలామందిని అడిగాను, ఎవరూ ఠక్కున చెప్పలేదు. పోస్ట్‌పోన్‌కి మాత్రం వాయిదా సిద్ధంగా ఉంది. వాయిదా ఉర్దూ వైపు నుంచి వచ్చిన మాట, అక్కడ దానికర్థం మాటివ్వడం. వాళ్ళ దగ్గర వాగ్దానం, మన దగ్గరికొచ్చేసరికి వాయిదా అయింది! దాన్నైనా స్థిరంగా వాడామా అంటే అదీ లేదు. కోర్టు పక్షుల భాష వినండి. 'పన్నెండో తారీఖున వాయిదా ఉంది' అంటే ఆ రోజు కోర్టుకెళ్ళాలి. 'పన్నెండో తారీఖుది వాయిదా పడింది' అంటే వెళ్ళక్కర్లేదు. ఉంటే ఒకటి, పడితే ఒకటి.

ప్రీపోన్‌కి మాట లేకపోవడానికి కారణం, మన జీవితంలో అనుకున్నదానికంటే ముందు జరిగింది ఏదీ లేకపోవడమేనేమో అని మా ఫ్రెండు ఒకడు అన్నాడు. నిజమే అనుకున్నాను గానీ తర్వాత పేపర్ చదువుతుంటే దొరికింది: ముందస్తు. ముందస్తు ఎన్నికలు అంటే ఎవరికైనా సందేహం వస్తుందా? 2018 సెప్టెంబరు 6న తెలంగాణ అసెంబ్లీని రద్దు చేసినప్పుడు 'కేసీఆర్ ముందస్తుకు వెళ్తున్నారు' అని రాశారు. ఎన్నికలు 2019 దాటి ఏ 2020కో పోయాయని ఒక్కరూ అనుకోలేదు. డిసెంబరు 7న పోలింగు అయిపోయింది. ముందు అన్న మాటకి 'అస్తు' తగిలించేసరికి దిక్కు కుదురుకుంది. అందుకని 'డెమో ముందస్తుకి వెళ్ళింది' అని ఈ మధ్య ఆఫీసులో అంటున్నాను. నవ్వుతున్నారు, కానీ అందరికీ సోమవారమే అర్థమవుతోంది.

మనవాళ్ళు అసలు ఈ తికమకలు గమనించనివాళ్ళేం కాదు. పెళ్ళి శుభలేఖ చూడండి. మన పంచాంగం లెక్కలో రోజు మొదలయ్యేది సూర్యోదయానికి, అర్ధరాత్రికి కాదు. ముహూర్తం రాత్రి రెండున్నరకో మూడింటికో ఉంటే అది పంచాంగం ప్రకారం శనివారం, గడియారం ప్రకారం ఆదివారం. వచ్చే చుట్టాలు ఒకరోజు తేడాతో దిగితే? అందుకని శుభలేఖలో 'శనివారం రాత్రి' అని రాసి, పక్కనే 'తెల్లవారితే ఆదివారం' అని వేస్తారు. ఎవరు మొదలుపెట్టారో గానీ వాళ్ళకి దండం పెట్టాలి. మూడు ముక్కల్లో ఎంత పని చేశారు! మేం సర్వర్ మెయింటెనెన్సు 'శనివారం రాత్రి 12 గంటలకి' అని మెయిల్ పెడితే, అది శుక్రవారం తెల్లవారితేనా, శనివారం తెల్లవారితేనా అని నలభై రిప్లైలు వస్తాయి. రాత్రి పన్నెండు దాటాక ఉండే రైలుకి తప్పు తేదీన టిక్కెట్టు తీసి, ప్లాట్‌ఫాం మీద రాత్రంతా దోమలతో గడిపినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. నేను రెండు చేతులూ ఎత్తుతున్నా.

'వచ్చే ఆదివారం' గొడవ ఇంగ్లీషువాళ్ళకీ ఉన్నదే. మా గుంటూరు వైపు దానికి విరుగుడు 'ఈ ఆదివారం కాదు, పై ఆదివారం' అనడం. పై నెల, పై ఏడు అని కూడా అంటాం. పై వారం అంటే పైన ఉన్న వారం కాదని మాకు తెలుసు గానీ, క్యాలెండర్లో పైన కనపడేది అయిపోయిన వారం కదా అని మా అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు. హిందీవాళ్ళకి నిన్నకీ రేపుకీ ఒకటే మాట, 'కల్'. మనకి నిన్న, మొన్న, అటుమొన్న, రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి అని అటు మూడు ఇటు మూడు మెట్లున్నాయి. ఇంత సంపద పెట్టుకుని 'ముందుకి, వెనక్కి' అని తడుముకోవడం చూస్తే ఒళ్ళు మండుతుంది.

అయితే రేపు అంటే ఎప్పుడూ రేపే కాదు, అది వేరే విషయం. 'రేపొద్దున పిల్లలు పెద్దయ్యాక' అంటే ఇరవయ్యేళ్ళ తర్వాత. కొట్లో 'అరువు రేపు' అంటే ఎప్పటికీ లేదని. ఆమధ్య ఊళ్ళల్లో గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజులు గుర్తున్నాయా? ఆ దెయ్యం రోజూ వచ్చి, చదువుకుని, రేపొద్దాంలే అని వెళ్ళిపోతుందని నమ్మకం. చదువొచ్చిన దెయ్యమే అయినా రేపు అంటే మాత్రం మోసపోయింది. ఇదే మోసం మనం ఆన్‌సైట్ వాళ్ళకి రోజూ చేస్తున్నాం. 'టుమారో చూస్తాను' అంటే మనకి 'ఇప్పుడు కాదు, గుర్తుచేస్తే చూస్తా' అని. వాళ్ళకి అది ఇరవై నాలుగ్గంటల గడువు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను వాళ్ళ పక్షమే. ముందుకి, వెనక్కి తికమకలో ఇద్దరూ నిజాయితీగానే పొరబడతారు. రేపు అన్నవాడికి మాత్రం తను చెయ్యనని అన్నప్పుడే తెలుసు.

ఇదంతా ఎందుకు, తారీఖు చెప్పేస్తే పోయేదిగా అని మీరనొచ్చు. మా లీడూ అదే అన్నాడు. తారీఖుతో మాత్రం పోతుందా? 4/12 అని రాస్తే మనకి డిసెంబరు నాలుగు, అమెరికావాడికి ఏప్రిల్ పన్నెండు. పిన్నికైతే తారీఖులతో పనే లేదు. ఆవిడ లెక్కలన్నీ వారాల్లో, సంతల్లో, పౌర్ణమి అమావాస్యల్లో ఉంటాయి. ఆ తర్వాతి ఏడాది తీతకి నేను జాగ్రత్తగా "పిన్నీ, పదహారో తారీఖు" అన్నాను. అటు నుంచి సౌండ్ లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"అబ్బాయ్, అయ్యన్నీ నాకు చెప్పమాక. సంతకి ముందా, సంతకి ఎనకా?"

నేను లాప్‌టాప్‌లో క్యాలెండర్ తెరిచి మా ఊరి సంత ఏ వారమో లెక్క చూసుకున్నాను.

"సంతకి ముందు పిన్నీ. ముందు రోజు."

"ఆఁ. అట్టా చెప్పు" అని, వెంటనే పెట్టెయ్యకుండా, "ముందు రోజంటే సంత ఇంకా రాకముందేగా?" అంది.

అవునన్నాను. చెప్పిన రోజుకి పన్నెండుమందితో వచ్చింది. నాన్న మాత్రం ఆ ముందు రోజు పొద్దున కూడా గోతాలు తీసుకెళ్ళి గట్టు మీద కూర్చున్నాడట. ఏమో, ఎందుకైనా మంచిదని.